కొయ్యకప్పల టెంటు, గాలి మీద వేసిన నింద

నేను పదమూడేళ్ళు మైదానాల్లో టెంటు కింద నిలబడి చేపలు పట్టే కొయ్యకప్పలు అమ్మాను. అంతకుముందు ఇరవై రెండేళ్ళు చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగ్ మిల్లులో జాబర్‌ని. అంటే మెషిన్లు సరిచేస్తూ, వాటి దగ్గర పనిచేసేవాళ్ళను చూసుకునే మనిషిని. మిల్లు గురించి రాయమని అడిగేవాళ్ళున్నారు. అక్కడ అందరికీ జరిగినవే నాకూ జరిగాయి. ఈ టెంటు కింద జరిగింది మాత్రం నా ఒక్కడి వల్ల జరిగింది. ఏదైనా చేత్తో చేసి నలుగురిలో పెట్టి అమ్ముకుందామని ఇప్పుడిప్పుడే బయల్దేరుతున్నవాళ్ళకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

కొరమీను కదిలే దాని మీదకే వస్తుంది. నీళ్ళ మీద కప్ప ఈదుతుంటే కింద నుంచి వచ్చి ఒక్కసారిగా అందుకుంటుంది. అందుకని తేలిక చెక్కతో కప్పను చెక్కి, పొట్ట కింద గాలం బిగించి, తంగూసు దారానికి కట్టి నీళ్ళ మీద లాగుతారు. మా వైపు దాన్ని కొయ్యకప్ప అంటాం. గుంటూరు నుంచి బైకుల మీద కాలవ గట్లకు వచ్చే కుర్రాళ్ళు లూర్ అంటారు. మిల్లు రోజుల్లో ఆదివారాలు సాగర్ కాలవ మీద కూర్చునే అలవాటు కొద్దీ నాకోసం నేను చెక్కుకునేవాణ్ణి. మిల్లు మూసేశాక చేతులు ఊరుకోలేదు. బొమ్మలు చేసే పొనికి చెక్క తెప్పించి, రోజుకు నాలుగు చొప్పున చెక్కడం మొదలుపెట్టాను.

వాటికి రంగు కావాల్సి వచ్చి బైపాస్ పక్కన లారీల బాడీలు కట్టే షెడ్డుకు వెళ్ళాను. అక్కడ ఒక పెయింటర్ లారీ వెనక తలుపు మీద తామరపువ్వు వేస్తున్నాడు. ఒక్కో రేకు అంచుకు వెంట్రుకంత తెల్లగీత. స్కేలు లేదు, సున్నపు దారం లేదు. ఊపిరి బిగబట్టి ఒక్క లాగుడులో లాగుతున్నాడు. డబ్బా అడుగున మిగిలిన రంగు ఏమైనా ఇస్తారా అని అడిగి, నా కప్పను చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కప్పాండీ? నేను వంకాయనుకున్నా" అన్నాడు.

మర్నాడు రమ్మన్నాడు. వెళ్ళేసరికి నా వంకాయకు వీపు మీద మచ్చలు, గొంతు కింద పసుపు, కళ్ళ చుట్టూ బంగారు గీత వచ్చి అరచేతిలో కూర్చుని ఉంది. అప్పటినుంచి చెక్కడం నాది, రంగు ఆయనది. అమ్మడం మా ఆవిడది. పేరుకు నేనూ టెంటు కింద ఉండేవాణ్ణి గానీ మాట కలిపేదీ, చేతిలో పెట్టేదీ ఆవిడే. పెయింటర్ మొదటిసారి మా ఇంటికి వచ్చినరోజు ఆవిడ టీ ఇస్తూ "తీసుకో అన్నయ్యా" అంది. దాంతో ఆయన నన్ను బావగారూ అనడం, నేను ఆయన్ని బావా అనడం మొదలైంది. ఆయనది ముస్లిం కుటుంబం, మాది వ్యవసాయ కుటుంబం. వరసలు మాత్రం ఒక్క టీ గ్లాసుతో కుదిరిపోయాయి. ఆయన భార్య నన్ను అన్నయ్యా అనేది.

మా వ్యాపారమంతా ఆరుబయటే. వ్యవసాయ ప్రదర్శనలు, ఎద్దుల చేత బండ లాగించే పందేలు, తిరునాళ్ళు. ఒక పక్క ట్రాక్టర్ల కంపెనీ, ఒక పక్క మిర్చి విత్తనాల వాళ్ళు, మధ్యలో మా నాలుగు కర్రల టెంటు. మైకుల మోతలో అరిచి పిలిచినా ఎవరికీ వినపడదు. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. టెంటు ముందు మనిషి మొహం ఎత్తున అడ్డంగా ఒక వెదురుకర్ర కట్టి, దానికి తంగూసుతో కప్పల్ని వేలాడదీసేవాణ్ణి. కొంచెం గాలి తగిలితే చాలు, అవి తిరుగుతూ ఎండకు మెరిసేవి. దారిన పోయేవాడు ఆగి తీరేవాడు. ఆ ఉపాయం చూసుకుని నాకు చాలా గర్వంగా ఉండేది. మిల్లులో ఇరవై రెండేళ్ళలో నాకంటూ ఒక ఆలోచన ఎవరూ అడగలేదు మరి.

వాటి పొట్ట కింద గాలాలు అలాగే ఉండేవి. గాలం మొనకు వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉంటుంది. లోపలికి దిగడం తేలిక, బయటికి రావడం ఉండదు.

ఐదో ఏడు అనుకుంటాను. పెదకాకాని దగ్గర ఒక పెద్ద పొలంలో మూడురోజుల వ్యవసాయ ప్రదర్శన. దానికి వారం ముందు మా ఆవిడ సైకిల్ వాల్వు ట్యూబు మూర్ల లెక్కన కొనుక్కొచ్చి, గోరంత ముక్కలుగా కోస్తూ కూర్చుంది.

"ఏందవి?" అన్నాను.

"గాలాల మొనలకు తొడుగులు. జనం మొహాల దగ్గర వేలాడుతున్నాయండీ. పోయినసారి ఒకావిడ కొంగుకు గాలం పట్టుకుంది, చూశారుగా."

"గాలం కనపడకపోతే చేపలు పట్టేవాడు ఆగుతాడా? పిల్లల బొమ్మల కొట్టనుకుని పోతాడు."

"ఆగినోడికి తీసి చూపిద్దాం."

నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆవిడ ఒక స్టీలు డబ్బా నిండా ముక్కలు కోసి, ప్రయాణం రోజు ట్రాలీ ఆటోలో సామాను మధ్య పెట్టింది. ఆవిడ పెరటి తలుపుకు తాళం వేయడానికి లోపలికి వెళ్ళినప్పుడు నేను ఆ డబ్బా తీసి అరుగు మీద ఓ మూల పెట్టేశాను. చోటు లేక కాదు. నా ఉపాయానికి రబ్బరు ముక్కలు తొడగడం నాకు ఇష్టం లేక.

గ్రౌండులో సామాను దించాక ఆవిడ డబ్బా కోసం వెతికింది. "ఇంటి దగ్గర మర్చిపోయినట్టున్నాం" అన్నాను. ఆవిడ నా వంక ఒకసారి చూసి, గుడ్డ దులిపి బల్ల మీద పరిచింది.

మూడోరోజు శనివారం. పెయింటర్ షెడ్డుకు సెలవు పెట్టి వచ్చాడు. ఆయన వచ్చిన రోజు మా టెంటు ముందు గుంపు ఉండేది. స్టూలు మీద కూర్చుని, కొనేవాడు అడిగిన మచ్చలు అప్పటికప్పుడు వేసి ఇచ్చేవాడు. "మా చెరువులో కప్పలు నల్లగా ఉంటాయండీ" అంటే నల్లగా, "మా కాలవలో పచ్చగా" అంటే పచ్చగా. మధ్యాహ్నం దాకా అలాగే గడిచింది.

మూడు దాటాక పడమర వైపు ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. ముందు గాలి రాలేదు, ఫోన్లు వచ్చాయి. మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు. ప్రదర్శనకు వచ్చిన రైతులంతా ఒకేసారి ఫోన్లు చెవిన పెట్టుకుని "పట్టాలు కప్పారా? రాళ్ళు పెట్టండి పైన" అంటూ బైకుల వైపు పరిగెత్తారు. రెండు నిమిషాల్లో గ్రౌండు సగం ఖాళీ అయింది. అప్పుడొచ్చింది గాలి. మా పక్కన విత్తనాల వాళ్ళ ఫ్లెక్సీ చిరిగి ఎగిరిపోయింది. మా టెంటు కర్ర ఒకటి నేలలోంచి లేచింది. నేను దాన్ని రెండు చేతులతో వాటేసుకుని అరిచాను.

"బావా, ముందు ఆ వెదురుకర్ర దించు."

ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని, లేచి కర్ర ముడి విప్పబోయాడు. టెంటు గుడ్డ గాలికి ఉబ్బి ఆ కర్రను వెనక నుంచి కొట్టింది. వరసగా వేలాడే కప్పలన్నీ ఒక్కసారి ఎగిరి ఆయన మీద పడ్డాయి. ఒకటి చొక్కా చేతికి పట్టుకుంది. ఒకటి ఎడమ కంటి పైరెప్పకు పట్టుకుంది.

ఆయన అరవలేదు. బ్రష్షు కింద పడింది, అంతే. కంటి నుంచి వేలాడుతున్న కప్ప కింద అరచెయ్యి ఆసరాగా పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"బావగారూ, కర్ర కదలనీయకండి. తంగూసు కొయ్యండి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

నేను టెంటును వదిలేసి వెళ్ళి ఆ గాలాన్ని పట్టుకోబోయాను. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "ముట్టుకోవద్దు" అంది. తనే బ్లేడుతో తంగూసు కోసింది. టెంటు మా వెనక కూలిపోతుంటే, ముగ్గురం రోడ్డు మీదకు వచ్చి ఆటో ఎక్కాం. గుంటూరు కంటాసుపత్రి దాకా ఆయన ఆ కప్పను అరచేతిలో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆయన తలను తన భుజానికి అదుముకునేది. నేను డ్రైవర్ పక్కన కూర్చుని, ఎదర రోడ్డు మీద గతుకులు ముందే చెబుతూ వచ్చాను. నేను చేయగలిగింది అదొక్కటే.

డాక్టరమ్మ చిన్నవయసు ఆవిడ. "ఎట్లా తగిలింది?" అని నన్ను అడిగింది.

"గాలికండీ. పెద్దగాలి వచ్చింది."

కాగితం మీద ఏదో రాసుకుంది. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. చిలకలూరిపేట నుంచి బస్సులో పరుగున వచ్చిన ఆయన భార్య "ఏమైందన్నయ్యా?" అంటే "గాలికి తగిలిందమ్మా" అన్నాను. సామాను సంగతి అడగడానికి ప్రదర్శనవాళ్ళు ఫోన్ చేస్తే వాళ్ళకూ గాలి అనే చెప్పాను. మా ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుని అన్నీ వింది.

గాలం రెప్పను దాటి లోపల నల్లగుడ్డును గీరింది. ఆపరేషన్ చేసి తీశారు. "కన్నుకు భయం లేదు. చూపు ఎంతవరకు వస్తుందో మానాక గానీ చెప్పలేను" అంది డాక్టరమ్మ.

ఆ తర్వాతి వారాలు నేను రోజు విడిచి రోజు ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉండేవాడు. చూడొచ్చిన వాళ్ళందరికీ తనే చెప్పేవాడు: "గాలికి తగిలిందండీ. పాపం బావగారు టెంటు పట్టుకుని ఉన్నారు. గాలికి ఎవరేం చేస్తారు?" నా అబద్ధాన్ని ఆయన నా ముందే నిజంలా చెబుతుంటే, నేను అరటిపళ్ళ కవరు ఒళ్ళో పెట్టుకుని తల ఊపేవాణ్ణి. మిల్లులో నేను మెషిను తప్పుగా బిగించి ఆ తప్పు వర్కరు మీదకు నెట్టిన రోజులు లేవు. ఎవరైనా అలా చేస్తే తిట్టేవాణ్ణి కూడా. నలభై ఏళ్ళు దాటాక కూడా మనిషి తన గురించి కొత్తగా తెలుసుకునేవి ఉంటాయని అప్పుడు తెలిసింది. అన్నీ సంతోషపెట్టేవి కావు.

ఇంటి దగ్గర మా ఆవిడ సాయంత్రాలు ఆ స్టీలు డబ్బా ముందు పెట్టుకుని, మిగిలిన సరుకులో ప్రతి గాలానికీ ఒక ముక్క తొడిగేది. తిడితే బాగుండేది. ఒక్కరోజు మాత్రం, చేతిలో పని ఆపకుండా అడిగింది.

"అన్నయ్యకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"కట్టు విప్పనీ" అన్నాను.

కట్టు విప్పారు. చూపు వచ్చింది గానీ మసక. దూరంగా బస్సు బోర్డు చదవగలడు, దగ్గర పని కుదరడం లేదు. నేను వెళ్ళిన రోజు ఆయన గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, పాత క్యాలెండర్ వెనక తెల్లకాగితం మీద తామరరేకు వేస్తున్నాడు. ఊపిరి బిగబట్టి గీత లాగాడు. అది సగం దూరం వెళ్ళి వణికింది. మళ్ళీ లాగాడు.

"రెండు గీతలు కనపడతన్నాయి బావగారూ. ఏది నేను వేసిందో తెలీట్లా" అన్నాడు.

షెడ్డు యజమాని అప్పటికే ఆయన చోట స్టిక్కర్లు అతికించే మనిషిని పెట్టుకున్నాడని అంతకు ముందురోజే విన్నాను. ఇంక ఆగలేకపోయాను.

"బావా, అది గాలి కాదు."

ఆయన తల ఎత్తాడు. వాల్వు ట్యూబు ముక్కల సంగతి, ఆవిడ ఆటోలో పెట్టిన డబ్బా, నేను దాన్ని తీసి దించడం, మర్చిపోయామని అబద్ధం చెప్పడం, అన్నీ వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన బ్రష్షును చేతిగుడ్డకు తుడుస్తూనే ఉన్నాడు. లోపల కుట్టుమిషను ఆగింది. ఆయన భార్య వింటోందని తెలుసు. అయినా ఆపలేదు.

"డబ్బా ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు చివరికి.

"మా అరుగు మీద."

"స్టీలుది. మూత మీద సొట్ట ఉంటది."

"అదే."

"ఆ శనివారం పొద్దున మీ సరుకు మిగిలిందేమో తేవడానికి మీ ఇంటికెళ్ళాను. ఆ డబ్బా పక్కనే కూర్చుని చెప్పులేసుకున్నా. మరమరాలనుకున్నాను."

ఆయన క్యాలెండర్ కాగితాన్ని జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టాడు.

"ఇవాళ్టికి వెళ్ళండి బావగారూ" అన్నాడు.

నెలకు పైగా కబురు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన భార్య ఒకసారి ఎత్తి "నిద్రపోతున్నారన్నయ్యా" అంది. పొద్దున పదకొండు గంటలకు. నేను కప్పలు చెక్కడం మానేశాను. ఉన్నవాటికి నేనే రంగు వేయబోయి, మళ్ళీ వంకాయలు చేసి, గీకేశాను. మా ఆవిడ మాత్రం ఒకటి రెండుసార్లు ఒక్కతే బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళొచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

తర్వాత ఒక సాయంత్రం ఆయనే వచ్చాడు. కొత్త కళ్ళద్దాలు. నన్ను దాటుకుని గుమ్మంలోకి చూస్తూ "చెల్లెమ్మా, టీ పెట్టు" అన్నాడు. అరుగు మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను.

"సన్నపని నావల్ల కాదింక. డాక్టరమ్మ కూడా చెప్పింది. పెద్దమచ్చలు వేస్తాను, లావు బ్రష్షుతో. కొనేవాళ్ళు కొంటారు, లేకపోతే లేదు."

"నువ్వెట్టా వేసినా సరే బావా."

"ఆగండి. నేను రావాలంటే ఒకటుంది. కప్ప కొనేవాడి చేతిలో పెట్టేముందు జరిగింది చెప్పాలి. ప్రతివాడికీ. చెల్లెమ్మ కాదు, మీరు. గాలి అనకూడదు."

"ఎన్నాళ్ళు?"

"టెంటు వేసినన్నాళ్ళు."

నాకు కోపం వచ్చిందని దాచను. కొనడానికి వచ్చినవాడికి ఇదెందుకు, వాడు భయపడి పోడా అనిపించింది. లోపల నుంచి మా ఆవిడ మూడు గ్లాసులు తెచ్చి పెట్టింది. నా వంక చూడలేదు. నేను సరే అన్నాను.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం ఒక్కసారితో అయిపోతుందని అప్పటిదాకా అనుకున్నాను. ఆయనకు చెప్పేశాను కదా, బరువు దిగిందనుకున్నాను. కానీ నేను గాలి అన్నది ఆయన ఒక్కడితోనే కాదు. డాక్టరమ్మతో, ఆయన భార్యతో, ప్రదర్శనవాళ్ళతో, ఆ ఇంటికి వచ్చిన చుట్టాలందరితో. అది ఊరంతా తిరుగుతోంది. దాన్ని వెనక్కి తేవడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే కాబోలు.

మొదటి టెంటు ఒంగోలు వైపు ఒక ఊళ్ళో, బండలాగుడు పందేల దగ్గర వేశాం. వెదురుకర్ర లేదు. కప్పలన్నీ బల్ల మీద పడుకుని ఉన్నాయి, ప్రతి మొనకూ నల్ల రబ్బరు తొడుగు. ఆయన నా వెనక స్టూలు మీద కూర్చుని, లావు బ్రష్షుతో మచ్చలు వేస్తున్నాడు. అవతల ఎడ్లజతను తోలేవాళ్ళ కేకలు, దుమ్ము. మొదట ఆగిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. చీమకుర్తి వైపు రాయి కోసే ఫ్యాక్టరీలో పనట. చేతుల మీద, కనుబొమల మీద బూడిదరంగు పొడి ఇంకా ఉంది. క్వారీ గుంటల్లో కొరమీను ఉందని, దానికోసమని ఒక పెద్దకప్పను ఎంచుకున్నాడు. తొడుగు చూపించి "ఇదేంది?" అన్నాడు.

మా ఆవిడ పక్కకు జరిగింది.

"ఒకసారి పెద్దగాలి వచ్చిందండీ" అని మొదలుపెట్టాను.

వెనక రంగు డబ్బాలో బ్రష్షు తిరిగే చప్పుడు ఆగిపోయింది.

నేను ఆగాను. బల్ల అంచు పట్టుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టాను.

"మా ఆవిడ ఈ తొడుగులు కోసి ఇచ్చింది. గాలం కనపడకపోతే అమ్ముడుపోదని నేను వాటిని ఇంటి దగ్గర వదిలేసి వచ్చాను. గాలం పోయి మా బావ కంట్లో దిగింది. ఆయన వెంట్రుకంత గీత గీసేవాడు. ఇప్పుడు గీయలేడు. అందుకని నీళ్ళ దగ్గరికి వెళ్ళేదాకా ఈ తొడుగు తీయకండి."

ఆ మనిషి నన్ను చూశాడు. నా భుజం మీదుగా వెనక కూర్చున్న మనిషిని చూశాడు. తొడుగు తీసి మొన మీద బొటనవేలు ఆనించి, మళ్ళీ జాగ్రత్తగా తొడిగాడు.

"మా దగ్గర ఎవడి కంట్లో ఏం పడినా రాయి ఎగిరిందనే చెప్తారు" అన్నాడు. "కళ్ళకు పెట్టుకునే అద్దాలు ఇవ్వలేదని ఇంతవరకూ ఎవడూ చెప్పలా."

రెండు కప్పలు ఇవ్వమన్నాడు. నేను కాగితంలో చుడుతుంటే, వెనక డబ్బాలో బ్రష్షు మళ్ళీ తిరగడం మొదలైంది.